ఉన్నదున్నట్టు తెమ్మన్న తుపాకీ

మా అత్తగారి వైపు వాళ్లకు ఒక జబ్బుంది. ఇంకొకరి చేతికి ఏది ఇచ్చినా తళతళలాడించి ఇస్తారు. అరువు తెచ్చుకున్న ట్రక్కును కడిగి, పెట్రోలు నింపి తిరిగిస్తారు. పక్కింటివాళ్ల గిన్నెను ఉత్తగా పంపరు. అంతవరకు మా వెస్ట్ వర్జీనియా కొండల్లో ఏ గడపకు వెళ్లినా ఉన్నదే, తప్పు పట్టను. కానీ మా అత్తగారు ఆవును అమ్మితే దాని డెక్కలు బ్రష్షుతో తోమి, తోక దువ్వి మరీ పంపేది. కుక్కపిల్లను ఎవరికైనా ఇస్తే స్నానం చేయించి మెడకు రిబ్బను కట్టేది. ఆవిడ కడుపున పుట్టినవాడే మా ఆయన డార్సీ. ఆయన చేతికి శాండ్‌పేపరు దొరికితే ఇంట్లో ఏ కొయ్యకూ మనశ్శాంతి ఉండదు. ఆ శాండ్‌పేపరు మూలాన ఒక ఏడాది మా గడ్డి వాగు ఒడ్డున ఎలా కుళ్లిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ తుపాకీ డార్సీ మేనమామ ఆర్లీది. అక్క ఎంత శుభ్రమో తమ్ముడు అంత మురికి. ఆయన టౌనులో గురి చూసి కాల్చేవాళ్ల సంఘంలో ఉండేవాడు. పెద్ద యుద్ధం అయిపోయాక సైన్యానికి అక్కర్లేని తుపాకులను ప్రభుత్వం అలాంటి సంఘాలవాళ్లకు చవగ్గా పంపిస్తుండేది. అలా ఆర్లీకి ఎం-వన్ అనే సైనిక తుపాకీ ఒకటి వచ్చింది. చిక్కటి గ్రీజు పూసి, మైనపు కాగితంలో చుట్టి వచ్చిందట. ఆర్లీ ఆ గ్రీజును పాత లాగు ముక్కతో తుడిచాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ దాన్ని మళ్లీ తుడిచిన పాపాన పోలేదు. పొగాకు చేతులతో పట్టుకునేవాడు, వేయించిన పందిమాంసం తిన్న చేతులతో పట్టుకునేవాడు. ఏడాదికోసారి బుద్ధిపుడితే దాని కర్ర పిడికి కాస్త అవిసె నూనె రాసేవాడు. ఆయన పోయాక అది మా ఇంటికి వచ్చి సామాన్ల గది తలుపు వెనక చీపురు పక్కన నిలబడింది. కర్ర నల్లగా జిడ్డోడుతూ ఉండేది. ఇనుమేమో బూడిద రంగూ కాదు, ఆకుపచ్చా కాదు, పాచి పట్టిన బండలాగా ఉండేది. చీపురు కోసం చెయ్యి పెట్టి పొరపాటున దాన్ని తాకితే నేను చెయ్యి కడుక్కునేదాన్ని.

దాని విలువ కనిపెట్టినవాడు లోమన్ టీటర్. మా గట్టుకు అవతల వైపు వాళ్ల పొలం. డార్సీ, అతనూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చుని దెబ్బలు తిన్నవాళ్లు. పాల వ్యాపారం మానేశాక లోమన్‌కు పాత సైనిక తుపాకులు పోగుచేసే పిచ్చి పట్టుకుంది. వేసవిలో ఒకరోజు వాళ్లావిడ డ్రేమా సీసాలు అడిగి రమ్మంటే మా ఇంటికి వచ్చాడు. నా చేతులు చిక్కుడుకాయల్లో ఉన్నాయి, నువ్వే సామాన్ల గదిలోకి వెళ్లి తీసుకో అన్నాను. వెళ్లిన మనిషి ఎంతసేపటికీ రాడు. గదిలోంచి సీసా చప్పుడైనా లేదు. ఏమైందో అని వెళ్లి చూస్తే, మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి తీసిన చిన్న టార్చిలైటు పట్టుకుని ఆ తుపాకీ కర్రను చూస్తున్నాడు. దాన్ని చేత్తో ముట్టుకోవడం కూడా లేదు. చర్చిలో కూడా నేనతన్ని అంత వినయంగా చూడలేదు.

ఆ ఏడు మా కట్టల యంత్రం చచ్చింది. కోసి ఆరబెట్టిన గడ్డిని మింగి, నొక్కి, తాడుతో ముడివేసి కట్టలుగా బయటికి తోసే యంత్రం అది. ముడివేసే భాగం అరిగిపోయి, ఇటు బయటపడ్డ కట్ట అటు విచ్చుకునేది. చలికాలమంతా మా ఆవులు బతికేది ఆ కట్టల మీదే. లోమన్ కొట్టంలో మంచి యంత్రం ఒకటి పనిలేక పడుంది, దాని మీద కోళ్లు పడుకుంటున్నాయి. ఇది అందరికీ తెలుసు. అందుకే ఆ రోజు లోమన్ డార్సీ దగ్గరికి వెళ్లి, ఆ తుపాకీ నాకియ్యి, నా కట్టల యంత్రం నువ్వు తీసుకో అన్నప్పుడు నేను చిక్కుడుకాయలు వదిలేసి వరండాలోకి వచ్చాను. చెవులు సరిగ్గా విన్నాయా లేదా అని.

డార్సీకి నమ్మకం కుదరలేదు. "ఒరే లోమన్, దాని అవతారం చూశావా? ఆర్లీ మామ దాన్ని పందుల దొడ్లో కర్రలా వాడాడు" అన్నాడు.

"చూశాను కాబట్టే అడుగుతున్నా. శనివారం తీసుకురా. ఉన్నదున్నట్టు తే. దానికేమీ చేయకు, విన్నావా?"

"సరే."

"ఉన్నదున్నట్టు" అని లోమన్ మళ్లీ అన్నాడు.

ఆ మాటే మా కొంప ముంచింది. మా దగ్గర ఆ మాట అమ్మేవాడు సిగ్గుపడుతూ అనేది. నా ట్రక్కుకు బ్రేకులు సరిగ్గా లేవు, కావాలంటే ఉన్నదున్నట్టు తీసుకో, అంటారు. కొనేవాడు ఆ మాట అన్నాడంటే అది మర్యాద కింద లెక్క. నువ్వేం శ్రమపడకు, నేను సర్దుకుంటాలే, అని అర్థం. ఇంటికి పిలిచినవాళ్లు ఏమీ తేవద్దు అంటే మనం ఏదో ఒకటి వండుకుని పట్టుకెళ్తాం కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాడు డార్సీ. లోమన్‌దేమో తుపాకులు పోగుచేసేవాళ్ల భాష. వాళ్ల భాషలో ఉన్నదున్నట్టు అంటే ఉన్నదున్నట్టే.

యంత్రం వస్తుందన్న ధైర్యంతో డార్సీ గట్టు మీది పొలం, వాగు ఒడ్డు పొలం రెండూ ఒకేసారి కోసేశాడు. గడ్డి నేల మీద పడి ఆరుతోంది. ఆకాశం అద్దంలా ఉంది. సాయంత్రాలు మాత్రం మనిషి షెడ్డులోంచి బయటికి రావడం లేదు. నేను నిమ్మరసం పట్టుకుని వెళ్లేసరికి తుపాకీ ముక్కలు ముక్కలుగా బల్ల మీద ఉంది. కర్ర చెక్కు తీసిన బంగాళాదుంపలా తెల్లగా ఉంది. కింద ఎర్రటి పొట్టు కుప్పగా పడుంది.

లోమన్ ఉన్నదున్నట్టు తెమ్మన్నాడు కదా అన్నాను.

"రీవా, మా అమ్మ ఆవుకే తోక దువ్వి పంపింది. యంత్రమంత యంత్రం ఇస్తున్న మనిషికి నేను మామ చేతి జిడ్డు ఇవ్వనా?"

"అతను వద్దన్నాడుగా."

"డ్రేమా కూడా ప్రతిసారీ ఏమీ తేవద్దనే అంటుంది. ఒక్కసారైనా ఉత్త చేతులతో వెళ్లావా నువ్వు?"

వెళ్లలేదు, నిజమే. ఆయన మళ్లీ గీకుడు మొదలుపెట్టాడు. వార్నిషు పూశాడు, ఆరాక గీకి మళ్లీ పూశాడు, మళ్లీ పూశాడు. ఇనుప భాగాలను ఉక్కు పీచుతో తోమి, దుకాణంలో దొరికే, ఇనుముకు నలుపెక్కించే ద్రావకం రాశాడు. చివరికి దాని కర్రలో నా ముఖం కనిపించింది. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. పెళ్లిలో పెట్టే పియానోలా ఉంది.

శనివారం పొద్దున దాన్ని నా కొత్త దుప్పటిలో చుట్టుకుని లోమన్ ఇంటికి వెళ్లాం. డ్రేమా కాఫీ పోసింది. నేను తెచ్చిన, బ్లాక్‌బెర్రీ పళ్లు పెట్టి కాల్చిన పై అప్పచ్చిని చూసి, ఏమీ తేవద్దన్నానుగా అంది. డార్సీ నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. లోమన్ యంత్రాన్ని కొట్టంలోంచి బయటికి లాగి, కోళ్లను తోలేసి, మా ట్రక్కుకు తగిలించడానికి సిద్ధంగా పెట్టాడు. దాన్ని చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఆ మధ్యాహ్నమే గట్టు మీద మొదలుపెట్టొచ్చు అనుకున్నాను.

లోమన్ చేతులు కడుక్కుని వచ్చి దుప్పటి విప్పాడు.

తుపాకీ ఎడమ వైపుకు తిప్పి, కర్ర మీద బొటనవేలు అటూ ఇటూ జరిపాడు. పోగొట్టుకున్న సూదిని పరుపు మీద వెతికినట్టు జరిపాడు. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో వంచి చూశాడు.

"ముద్రేదిరా?" అన్నాడు.

"ఏ ముద్ర?"

"ఇక్కడ. చిన్న గడి, అందులో అక్షరాలు. పక్కన అడ్డంగా రెండు ఫిరంగులు."

"ఓ, ఆ గీతలా? అబ్బో, అవి బాగా లోతుగా ఉన్నాయిరా. అవి పోవడానికి ఒక సాయంత్రం పట్టింది" అన్నాడు డార్సీ, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

లోమన్ కుర్చీలో కూలబడ్డాడు. డ్రేమా కాఫీ కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత అతను చెప్పుకొచ్చాడు, కోపంగా కాదు, చచ్చినవాళ్ల గురించి చెప్పినట్టు. యుద్ధం అయ్యాక ఇలాంటి తుపాకులన్నిటినీ సైన్యం వెనక్కి తెప్పించి, ఒకదాని ముక్కలు ఇంకొకదానికి బిగించి, కర్రలు మార్చి బయటికి పంపిందట. ఫ్యాక్టరీలోంచి మొదట ఎలా బయటపడిందో అలాగే మిగిలినవి ఎక్కడో ఒకటీ అరా. ఆర్లీది అలాంటిది. పరీక్ష చేసిన అధికారి కొట్టిన ముద్ర, ఆ పాచి రంగు, ఆ నూనె నలుపు, అదే దాని విలువంతా. ముద్ర పోయాక, రంగు మారాక, అది ఎక్కడైనా దొరికే తుపాకీ.

నాకు ఒళ్లు మండింది. లోమన్ నాకంటే పెద్దవాడు, పేరు పెట్టే పిలుస్తాను. కానీ చర్చిలో పిలుచుకునే పిలుపు ఇంట్లో వాడానంటే నాకు కోపం వచ్చిందని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. "బ్రదర్ లోమన్, అది ముందుకంటే బాగా పేలుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంది. మురికి పోయినందుకు ఏడుస్తావేమిటి? మురికే కావాలంటే మా కోళ్ల గూటికి రా, బుట్టలకొద్దీ ఇస్తాను" అన్నాను.

"పేల్చడానికి కాదు రీవా. మెరుపు ఎవడైనా పెడతాడు. ఆర్లీ చేతి నలుపు మళ్లీ ఎవడు పెడతాడు? ఆ గుద్దిన ముద్ర ఎవడు గుద్దుతాడు?"

"ఎవడో ఒకడు దొరుకుతాడు."

"దొరుకుతారు. వాళ్లను దొంగలంటారు."

డార్సీ ముఖం చూడలేకపోయాను. పాపం ఆయన ఇంకా ఆ కర్ర మీద వేలిముద్ర పడిందని చొక్కా చేతితో తుడుస్తున్నాడు. లోమన్ దుర్మార్గుడు కాదు. మార్పిడి కుదరదు గానీ, గడ్డి నేల మీద ఉంది కాబట్టి యంత్రం ఊరికే తీసుకెళ్లు, పనయ్యాక తెచ్చెయ్యి అన్నాడు. అక్కడితో అయిపోవాల్సింది. కానీ డార్సీ తుపాకీని దుప్పటిలో చుట్టుకుని లేచాడు.

"నేను ఇచ్చిపుచ్చుకోవడానికి వచ్చాను లోమన్. అడుక్కోవడానికి రాలేదు" అన్నాడు.

దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు. ట్రక్కు వెనక తొట్టి ఖాళీగా గడగడలాడుతోంది. ఇంటికి రాగానే పాత యంత్రం కింద దూరాడు. దాని ముడివేసే భాగానికి తీగ కట్టాడు, సుత్తితో కొట్టాడు, తిట్టాడు. అది ఒక కట్టకు ముడివేసి, రెండోదాన్ని పొలమంతా చల్లింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక షెడ్డులోకి వెళ్లాడు. పోనీలే, యంత్రం సంగతి చూస్తున్నాడు అనుకున్నాను. వెళ్లి చూద్దును కదా, తుపాకీ మీది వార్నిషును మందుతో ఊడబెరికి, ఉడకబెట్టిన వాల్‌నట్ తొక్కల నీళ్లు, పొయ్యి మసి కలిపి దానికి పూస్తున్నాడు. దాన్ని మళ్లీ మురికి చేస్తున్నాడన్నమాట. పైగా పందిమాంసం వేయించిన నూనె ఉందా అని నన్ను అడిగాడు. ఎంత పూసినా అది ఆర్లీ నలుపు కాలేదు. బడి పిల్లలు నాటకంలో వేసుకునే గడ్డంలా ఉంది. ముద్ర ఉన్న చోట ఒక మేకు మొన పెట్టి కాసేపు చూశాడు. తర్వాత మేకును డబ్బాలో పడేసి, అబద్ధం చెప్పే పని మాత్రం చేయను అన్నాడు. ఆ ఒక్క ముక్కకు ఆయన మీద గౌరవం కలిగింది. గడ్డి సంగతి అడగ్గానే ఆ గౌరవమూ పోయింది. పొడిగా ఉందిలే, ఇంకా టైముంది అన్నాడు.

సోమవారం పొద్దున పడమటి గట్టు మీద మబ్బు లేచింది. నేనిక ఎవరినీ అడగలేదు. ట్రాక్టరు తీసుకుని లోమన్ ఇంటికి వెళ్లాను. అరువు అడగడానికి వచ్చాను, అడుక్కోవడమే అనుకున్నా పరవాలేదు అని చెప్పాను. లోమన్ వెంటనే యంత్రాన్ని తగిలించి, తాడు ఉండలు కూడా పెట్టెలో వేశాడు. డ్రేమా పరిగెత్తుకొచ్చి చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె కట్టి ఇచ్చింది.

నేను నడుపుకుంటూ వస్తుంటే డార్సీ వాకిట్లో నిలబడి చూశాడు. ముఖం గంటు పెట్టుకుని, టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, యంత్రం వెనక కట్టలు పేర్చే బండి తగిలించి దాని మీదికెక్కాడు. గట్టు మీద గడ్డంతా కట్టాం. నేను ట్రాక్టరు నడుపుతుంటే ఆయన వెనక కట్టలు పేర్చాడు. ఆ యంత్రం ముడి తర్వాత ముడి వేస్తుంటే ఆ చప్పుడుకే నాకు కడుపు నిండింది. వాగు ఒడ్డుకు దిగేసరికి మొదటి చినుకు నా ముంజేతి మీద పడింది. ఆ తర్వాత వారమంతా కురిసింది. వాగు ఒడ్డు గడ్డి నేల మీదే నల్లబడి, బూజు పట్టి, ఆవులు మూతి తిప్పుకునేలా తయారైంది. గట్టు మీది గడ్డి ఒక్కటే చాలక శరదృతువులో పెయ్యలను అమ్మేశాం. శనివారం ఆ యంత్రం మా ట్రక్కుకు తగిలించుకుని వచ్చుంటే, వాగు ఒడ్డు కూడా ఆదివారానికల్లా కొట్టంలో ఉండేది. ఈ మాట ఆయనతో చాలాసార్లు అన్నాను. ఇప్పుడూ అంటున్నాను.

ఇక యంత్రం తిరిగివ్వాలి. ఉన్నదున్నట్టు ఇచ్చెయ్యమని బతిమాలాను. ఆయన వినే మనిషా? కోళ్ల రెట్టలు కడిగాడు, తుప్పు గీకాడు, ప్రతి కీలుకూ గ్రీజు కుక్కాడు, ఎర్ర రంగు తెప్పించి మొత్తం పూశాడు. తాడు పెట్టె మూత మీద చెరిగిపోయిన అక్షరాలను నాలుక బయటపెట్టి సన్న కుంచెతో మళ్లీ దిద్దాడు.

"దీనిక్కూడా ఏదైనా ముద్ర ఉందేమో చూసుకో" అన్నాను.

"ఎగతాళి చేయకు. ట్రాక్టరు సామాను మీద మురికికి విలువ కట్టేవాడు ఇంకా పుట్టలేదు."

అది మాత్రం నిజమే. లోమన్ దాన్ని చూసి ఈల వేశాడు. ఇంత బాగా చేశావు, వచ్చే ఏడు కోతలకు దీని సంగతి మనం మాట్లాడుకుందాం, నా కొట్టం కప్పు వేసిపెడితే దీన్ని ఇచ్చేస్తాను, అన్నాడట. డార్సీ ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు. చూశావా, శుభ్రం చేసి ఇవ్వడం ఎప్పుడూ నష్టం కాదు అని నాకు పాఠం చెప్పాడు. చలికాలమంతా కప్పుకు కావలసిన పలకలు ఏరుతూనే ఉన్నాడు. తుపాకీ మళ్లీ తలుపు వెనకకు చేరింది. మసి నా చీపురుకు అంటుకునేది.

వసంతంలో ఒక మధ్యాహ్నం లోమన్ వచ్చాడు. చేతిలో డ్రేమా గిన్నె ఉంది, అందులో రూబార్బ్ కాడలతో చేసిన పై, ఇంకా వేడిగా. చావు జరిగిన ఇంటికి ఇలా వండి పంపుతారు, మా ఇంట్లో ఎవరూ చావలేదు, మరి ఈ పై ఎందుకా అనుకున్నాను. అతను వరండా మెట్టు మీదే నిలబడి టోపీ తిప్పుతున్నాడు.

"నది అవతల నుంచి ఒకతను పోతూ పోతూ రోడ్డు మీంచి చూశాడు. కొత్త యంత్రమా అని ఆగాడు" అన్నాడు.

డార్సీ చేతిలో ఉన్న పలకను గోడకు ఆనించాడు.

"నేను అమ్మనన్నానురా. అతను మళ్లీ వచ్చాడు. ట్రైలరుతో సహా వచ్చాడు. అంతలా మెరిసిపోతుంటే నేనెలా ఆపను చెప్పు?"

"తీసుకెళ్లిపోయాడా?"

"ఆఁ."

లోమన్ వెళ్లాక మేమిద్దరం ఆ పై తిన్నాం. మంచి పై, అబద్ధం చెప్పను. డార్సీ తింటున్నంతసేపూ కిటికీలోంచి కప్పు పలకల కుప్పను చూశాడు. ఒకే మనిషి, ఒకే చెయ్యి. ఆ చెయ్యి తుపాకీ మీద పడితే దాని విలువ పోయింది, యంత్రం మీద పడితే దాని విలువ పెరిగింది. రెండుసార్లూ మాకే చేజారింది. నేను చదువుకున్నదాన్ని కాదు, ఈ లెక్క నాకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పినా అర్థం కాదు.

ఆదివారం చర్చికి బయల్దేరుతూ డ్రేమా గిన్నెను ట్రక్కు సీటు మీద పెట్టాను. అంచున నీలి పువ్వులున్న పింగాణీ గిన్నె, డ్రేమాకు వాళ్ల నాయనమ్మ ఇచ్చింది. కడగలేదు, లోపల ఏమీ పెట్టలేదు. పై అప్పచ్చి అంచులు ఎండిపోయి అంటుకునే ఉన్నాయి. పెళ్లయినప్పటి నుంచి మొదటిసారి ఒకరి గిన్నెను ఉన్నదున్నట్టు తిరిగిద్దామనుకున్నాను. వాళ్లు ఏమైనా అనుకోనీ అనుకున్నాను.

టోపీ పెట్టుకుని వంటగదిలోకి వచ్చేసరికి డార్సీ ఆదివారం కోటు చేతులు పైకి మడిచి సింకు దగ్గర నిలబడి ఉన్నాడు. ట్రక్కులోంచి తెచ్చిన గిన్నె నురగలో ఉంది. చేతిలో ఉక్కు పీచు ఉంది. వీపు నాకేసి పెట్టి, అంచు దగ్గర గట్టిగా, ఓపిగ్గా తోముతున్నాడు.

"డార్సీ, ఆ పువ్వుల జోలికి వెళ్లకు" అన్నాను.